గడ్డి కింద తారు

సియాటెల్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు గ్యాస్ వర్క్స్ పార్కును పరిచయం చేయనక్కరలేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లి చూపించే చోట్లలో అదొకటి. లేక్ యూనియన్ ఉత్తరపు ఒడ్డున గడ్డి పరిచిన గుట్ట, గుట్టెక్కితే నీటికి ఆవల ఆకాశహర్మ్యాలు, ఈవల తుప్పు పట్టిన ఇనుప బురుజులు. జులై 4న బాణసంచా చూడటానికి జనం పొద్దుటి నుంచే దుప్పట్లు పరిచి చోటు పట్టుకుంటారు. ఫొటోలు బాగా వస్తాయి. ఆ ఫొటోల్లోకి ఎవరూ రానివ్వని హెచ్చరిక బోర్డులు కూడా ఒడ్డున ఉంటాయి: సరస్సు అడుగున ప్రమాదకర పదార్థాలున్నాయి, నీళ్లలో దిగకండి అని.

అక్కడి గ్యాస్ కర్మాగారం పనిచేసింది 50 ఏళ్లు, 1906 నుంచి 1956 దాకా. మూతపడి దాదాపు 70 ఏళ్లు. ఒడ్డు మీద చాలావరకు పని జరిగింది గానీ, నీటి అడుగున శుద్ధి ఇంకా మిగిలే ఉంది. అంత డబ్బు, అంత యంత్రసామగ్రి ఉన్న దేశానికే ఇంతకాలం పడితే మన హైదరాబాద్ కాటేదాన్ గతేమిటి, విశాఖ గతేమిటి అని నిట్టూర్చి ఊరుకోవడం తేలికే. నాకు ఆ లెక్క మరోలా కనిపిస్తుంది. ఆ 70 ఏళ్లలో పెద్ద భాగం శుద్ధి చేయడానికి పట్టిన కాలం కాదు. కింద ఏముందో అడగకుండా, అడిగాక ఎవరు డబ్బు కట్టాలో తేల్చకుండా గడిపిన కాలం. పాత పారిశ్రామిక భూములను ఇళ్లకూ మాల్స్‌కూ మళ్లించాలని తొందరపడుతున్న మనకు, చూడవలసిన సంగతి అదే.

ముందు ఆ మట్టిలోకి ఏం చేరిందో చూద్దాం. సహజవాయువు గొట్టాలు రాకముందు ప్రపంచంలోని చాలా పెద్ద నగరాలు బొగ్గు నుంచి గ్యాస్ తయారు చేసుకునేవి. గాలి తగలకుండా మూసిన కొలిమిలో బొగ్గును బాగా వేడి చేస్తే మండే వాయువు వస్తుంది. వీధి దీపాలకూ వంట పొయ్యిలకూ అదే ఆధారం. ఆ వాయువుతోపాటు తారు వస్తుంది, బెంజీన్ వస్తుంది, మనం బట్టల మధ్య పెట్టుకునే కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వస్తుంది. వీటితోపాటు పీఏహెచ్‌లుగా పిలిచే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు వస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. సియాటెల్ కర్మాగారం 1937లో బొగ్గు నుంచి నూనెకు మారింది. అప్పుడు తారుకు తోడు దీపపు మసి లాంటి నల్లటి పొడి కుప్పలు కుప్పలుగా తయారైంది. గ్యాస్‌లో కుళ్లిన గుడ్ల వాసన కొట్టే గంధకం భాగాన్ని తీసేయడానికి ఆర్సెనిక్ కలిసిన ద్రావణం వాడారు. అందుకే ఈనాడు అక్కడి భూగర్భజలంలో ఆర్సెనిక్ జాడలు పట్టుకుంటున్నారు. పక్కనే తారును శుద్ధి చేసే మరో కర్మాగారం ఉండేది. మిగిలిన చెత్తతో సరస్సు అంచును పూడ్చుకుంటూ ఒడ్డును ముందుకు జరిపారు. ఇవాళ జనం నడిచే నేలలో కొంత ఒకప్పుడు నీరు.

ఇందులో చాలావరకు అప్పట్లో ఎవరూ నేరంగా చూడలేదు. ఇలాంటి నేలకు ప్రత్యేక చట్టం లేదు, పరీక్షలు లేవు, పొగ కనిపిస్తే పని జరుగుతున్నట్టు లెక్క. ఈ మాట ముందే చెప్పుకోవడం అవసరం. ఎందుకంటే పాత కాలుష్యం గురించి మాట్లాడగానే, ఆ రోజుల్లో అది తప్పు కాదు కదా, ఇప్పుడెవరిని పట్టుకుంటారు అనే వాదన ఒకటి వస్తుంది. దానికి సమాధానం చట్టంలోనే ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రం ఆ సమాధానం రాసుకుంది. మనం ఇప్పుడిప్పుడే రాసుకుంటున్నాం.

సహజవాయువు గొట్టం రావడంతో 1956లో కర్మాగారం ఆగిపోయింది. 1962లో నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని పార్కు కోసం కొనడానికి ఒప్పందం చేసుకుంది. ధర సుమారు 13 లక్షల డాలర్లు, పదేళ్ల వాయిదాలు. దీని వెనక పట్టుబట్టి నిలిచిన మనిషి కౌన్సిల్ సభ్యురాలు మర్టిల్ ఎడ్వర్డ్స్. ఆమె 1969లో రోడ్డు ప్రమాదంలో మరణించారు, పార్కుకు ఆమె పేరే పెట్టాలనుకున్నారు. రూపకల్పన బాధ్యత తీసుకున్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ రిచర్డ్ హాగ్ మాత్రం అందరూ కూల్చేద్దామన్న బురుజులను ఉంచేద్దామన్నాడు. అది విని ఎడ్వర్డ్స్ కుటుంబం ఆ తుప్పు దిబ్బకు తమ మనిషి పేరు వద్దని వెనక్కి తీసుకుంది. ఆమె పేరుతో తరువాత ఎలియట్ బే ఒడ్డున మరో పార్కు వచ్చింది.

హాగ్ చేసిన రెండో పని ఇంకా ఆసక్తికరమైనది. కలుషితమైన మట్టినంతా తవ్వి ఇంకెక్కడో పారేయడం అతనికి ఇష్టం లేదు. నేలలోని సూక్ష్మజీవులు నూనెను తినగలవని అప్పటికే తెలుసు. ఆకలిగా ఉన్న సూక్ష్మజీవులకు గాలి, తేమ, సేంద్రియ పదార్థం అందిస్తే చాలన్నది అతని నమ్మకం. రంపపు పొట్టు, మురుగు శుద్ధి కేంద్రం నుంచి తెచ్చిన బురద కలిపి నేలను దున్నించాడు. కూల్చిన కట్టడాల శిథిలాలను, తవ్వి తీసిన మట్టిని ఒకచోట పోగు చేయించి పైన మంచి మట్టి కప్పించాడు. ఇవాళ పిల్లలు గాలిపటాలు ఎగరేసే కైట్ హిల్ అదే. 1975లో పార్కు తెరుచుకుంది. కాలుష్యాన్ని జీవులతో శుద్ధి చేయడం అన్న ఆలోచన ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఒక తోట రూపశిల్పి దాన్ని సుమారు 20 ఎకరాల నేల మీద ప్రయత్నించాడు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

కానీ హాగ్ సూక్ష్మజీవులు తేలికపాటి నూనెలను తిన్నంత సులువుగా బరువైన పీఏహెచ్‌లను తినలేవు. దుక్కి లోతు దాటిన తారు జోలికి అవి వెళ్లనే లేవు. 1984లో అమెరికా కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ నేలను పరీక్షించి పీఏహెచ్‌లున్నాయని చెప్పడంతో నగరం పార్కును కొన్నాళ్లు మూసేసింది. తొమ్మిదేళ్లుగా పిల్లలు దొర్లిన గడ్డి అది. తెరిచాక పరీక్షించడం ఎంత ఖరీదైన పొరపాటో ఆ వేసవిలో సియాటెల్‌కు అర్థమైంది. పార్కు ప్రపంచంలో పేరు తెచ్చుకుంది కాబట్టి దాన్ని శాశ్వతంగా మూసేయడమూ కుదరలేదు, లోతుగా తవ్వడమూ కుదరలేదు. పైన కట్టుకున్న అందమే కింద పనికి అడ్డమైంది. ఇదే సరస్సు ఒడ్డున పార్కు బదులు ఇరవై అంతస్తుల ఇళ్లు లేచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అయితే పరీక్షించడం అంటే ఏమిటి? మన దగ్గర చెరువు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబుకు పంపి, వచ్చిన అంకెలు పత్రికలకు ఇవ్వడమే దర్యాప్తుగా చెలామణి అవుతోంది. పాత కర్మాగారం నేల విషయంలో నీటి సీసా చెప్పేది చాలా తక్కువ. తారు నీటికన్నా బరువు. ఇసుకలో పోసిన బెల్లం పాకంలా అది కిందికి దిగి, బంకమట్టి పొర తగిలేదాకా ఆగదు. తగిలాక ఆ పొర ఎటు వాలితే అటు పక్కకు జరుగుతుంది. అంటే పారబోసిన చోట ఒకటి, ఇప్పుడున్న చోటు మరొకటి. బెంజీన్ తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది నీటిలో కరుగుతుంది, ఆవిరవుతుంది, భూగర్భజలంతో కలిసి సరస్సు వైపు నడుస్తుంది. ఆర్సెనిక్ ఇంకో తీరు. చుట్టూ ఉన్న నీటిలో ఆక్సిజన్ ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఒకే స్థలంలో మూడు విషాలకు మూడు దారులు.

కాబట్టి అసలైన దర్యాప్తు పాత కాగితాలతో మొదలవుతుంది. కర్మాగారం నక్షాలు, బీమా కంపెనీలు గీయించుకున్న పటాలు, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు దగ్గర పెట్టుకుని, తారు తొట్టె ఎక్కడుండేది, గొట్టాలు ఎటు పోయేవి, ఏ ఏడాది ఏ మూల పూడ్చారు అని గుర్తిస్తారు. ఆ తరువాతే బోర్లు. నేలలో పరిశీలన బావులు తవ్వి రుతువు రుతువుకూ నీటిమట్టం, నీటి నడక కొలుస్తారు. సరస్సులో పడవ మీద నుంచి గొట్టం దించి అడుగు బురదను పొరలు చెదరకుండా నిలువుగా తీస్తారు. ఆ నిలువు ముక్కను కోసి చూస్తే ఒక శతాబ్దపు పారిశ్రామిక చరిత్ర పొరలుగా కనిపిస్తుంది. ఆ బురదలో చిన్న పురుగులను, కీటకాల లార్వాలను కొన్నాళ్లు పెంచి, ఎన్ని బతికాయో ఎన్ని ఎదిగాయో లెక్కిస్తారు. అంకెల పట్టికకు అందని నిజం కొన్నిసార్లు ఆ పురుగులు చెబుతాయి.

ఇక్కడే అసలు తగువు మొదలవుతుంది. పీఏహెచ్‌లు తారులోనే కాదు, వాహనాల పొగలో ఉంటాయి, రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే వాన నీళ్లలో ఉంటాయి, రేవుల్లో పాతిన కొయ్య స్తంభాలకు పూసిన క్రియోసోట్‌లో ఉంటాయి. లేక్ యూనియన్ చుట్టూ పడవల మరమ్మతు షెడ్లు, పక్కనే అంతర్రాష్ట్ర రహదారి. అడుగున దొరికిన విషంలో గ్యాస్ కర్మాగారం వాటా ఎంత, నగరం వాటా ఎంత? రకరకాల పీఏహెచ్‌ల నిష్పత్తులు చూసి మూలాన్ని పోల్చే పద్ధతులున్నాయి. వాటి మీద నిపుణులు ఏకీభవించరు, ఎందుకంటే ప్రతి నిపుణుడి వెనక ఒక బిల్లు కట్టవలసిన వాడు ఉంటాడు. శోధన ఏళ్ల తరబడి సాగడానికి నేల సంక్లిష్టత ఒక కారణమైతే, ఈ వాటాల బేరం రెండో కారణం. రెండోదాన్ని సైన్స్ పేరుతో దాచిపెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే.

ఆ బేరాన్ని కుదించడానికి వాషింగ్టన్ ప్రజలు ఒక మంచి ఆయుధం తయారు చేసుకున్నారు. 1988 నవంబరులో ప్రజలే నేరుగా ఓటు వేసి ‘మోడల్ టాక్సిక్స్ కంట్రోల్ యాక్ట్’ తెచ్చుకున్నారు. శాసనసభ చేసిన మరో చట్టం అప్పటికే పోటీలో ఉంది. ఓటర్లు దాన్ని కాదని దీన్ని ఎంచుకున్నారు. 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. అందులో మూడు విషయాలు నాకు ముఖ్యంగా తోస్తాయి. ఒకటి, బాధ్యతకు తప్పు రుజువు కానవసరం లేదు. అప్పట్లో చట్టబద్ధంగా పారబోసినా, ఇప్పుడు ఆ స్థలం నీదైనా, నువ్వు బాధ్యుడివే. ఇద్దరు ముగ్గురు బాధ్యులుంటే ప్రభుత్వం ఎవరో ఒకరి దగ్గర మొత్తం వసూలు చేయవచ్చు, వాటాలు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. రెండు, ప్రమాదకర పదార్థాలను రాష్ట్రంలో మొదట చేతిలోకి తీసుకున్నవారి మీద టోకు ధరలో 0.7 శాతం పన్ను. అందులో సింహభాగం పెట్రోలియం నుంచే వస్తుంది. 2019లో పెట్రోలియం ఉత్పత్తులకు దాన్ని పీపాకు 1.09 డాలర్ల చొప్పున మార్చారు. దోషి దొరికినా దొరకకపోయినా పని మొదలుపెట్టడానికి చేతిలో డబ్బు ఉంటుంది. మూడోది మన దేశంలో ఎవరికీ తట్టని సంగతి. ఆ పన్ను సొమ్ములో ఒక శాతం స్థానిక సంఘాలకు గ్రాంటుగా ఇవ్వాలి. ల్యాబు నివేదికలు చదివి అర్థం చేసుకోవడానికి, సొంత నిపుణుడిని పెట్టుకుని ప్రశ్నలు అడగడానికి బస్తీవాసులకు ప్రభుత్వమే డబ్బిస్తుంది.

ఈ చట్టం కింద 1999లో నగరపాలక సంస్థ, పాత గ్యాస్ కంపెనీకి వారసురాలైన ప్యూజెట్ సౌండ్ ఎనర్జీ, రాష్ట్ర ఎకాలజీ శాఖతో కోర్టు ముద్ర ఉన్న ఒప్పందం చేసుకున్నాయి. ఆ తరువాతి రెండేళ్లలో ఒడ్డు మీద పని జరిగింది. బెంజీన్ ఎక్కువగా ఉన్న ఆగ్నేయ మూల నేలలోకి గాలి ఊది ఆవిర్లను పైకి లాగి శుద్ధి చేశారు. మిగతా చోట్ల శుభ్రమైన మట్టి మందంగా పరిచి గడ్డి నాటారు. 2005లో అవే రెండు సంస్థలు సరస్సు అడుగు దర్యాప్తుకు మరో ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ఆ దర్యాప్తు పేరుకుపోయిన నివేదికలతో ఏళ్ల తరబడి సాగింది, అడుగున శుద్ధి ఇంకా మిగిలే ఉంది. ఆ నీటి గుండానే సాల్మన్ చేపలు సముద్రం నుంచి నదుల్లోకి వెళ్తుంటాయి, కాబట్టి ఆలస్యానికి మూల్యం చెల్లించేది మనుషులొక్కరే కాదు.

జాగ్రత్తగా చూస్తే ఒడ్డు మీద జరిగిన శుద్ధిలో తీసేసింది కొంత, కప్పింది చాలా. ఎండ ముదిరిన రోజుల్లో అక్కడక్కడా తారు నేల పైకి ఉబికి వస్తుంది, సిబ్బంది ఆ చోటుకు కంచె వేసి తీసేస్తారు. ఇది విని కప్పెట్టడమూ ఒక శుద్ధేనా అని మనవాళ్లకు కోపం రావచ్చు. నిజానికి అన్ని చోట్లా తవ్వి తీయడం మంచిదీ కాదు. తవ్వితే ఆవిర్లు లేస్తాయి, లారీల్లో పోయిన మట్టి ఇంకో పేద ఊరి పక్కకు చేరుతుంది. కప్పడం తప్పు కాదు. కప్పి కాగితాల్లోంచి కొట్టేయడం తప్పు. వాషింగ్టన్ చట్టం ప్రకారం, విషం మిగిలి ఉన్న చోట అయిదేళ్లకోసారి సమీక్ష జరగాలి, భూమి దస్తావేజుల్లో ఆంక్షలు రాసి ఉండాలి, కప్పిన మట్టి కొట్టుకుపోతే మళ్లీ వేయవలసిన బాధ్యత ఎవరిదో పేరుతో సహా ఉండాలి. హాగ్ బురుజులను కూల్చనివ్వకపోవడం ఇందుకే నాకు అతని సూక్ష్మజీవుల కన్నా గొప్ప పనిగా కనిపిస్తుంది. అక్కడ ఏం జరిగిందో మరిచిపోవడం కుదరదు.

తవ్వడమే దారైన చోటు కూడా ఉంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో గోవానస్ కాలువ పొడవు మూడు కిలోమీటర్లకు లోపే. దాని ఒడ్డున మూడు గ్యాస్ కర్మాగారాలు ఉండేవి. అడుగున పేరుకున్న నల్లటి మెత్తటి బురదకు స్థానికులు బ్లాక్ మయొనైజ్ అని ముద్దుపేరు పెట్టారు. 2010లో కేంద్ర ప్రభుత్వం దాన్ని తీవ్ర కలుషిత స్థలాల సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చేటప్పుడు నగర ప్రభుత్వమే వద్దంది. ముద్ర పడితే బిల్డర్లు పారిపోతారని భయం. 2013లో ప్రణాళిక వచ్చింది, అంచనా 50 కోట్ల డాలర్లకు పైన. 2020 నవంబరులో తవ్వకం మొదలైంది. మరుసటి ఏడాదే నగరం ఆ ప్రాంతంలో ఎత్తైన ఇళ్ల నిర్మాణానికి తలుపులు తెరిచింది. బిల్డర్లెవరూ పారిపోలేదు. భూమి ధర పెరిగే చోట శుద్ధికి కాళ్లొస్తాయని దీన్నిబట్టి అనుకోవచ్చు. దాని రెండో అర్థం అంత సంతోషపెట్టదు: ధర పెరగని చోట రావు.

గోవానస్ నుంచి హైదరాబాద్ ప్రత్యేకంగా గమనించాల్సింది ఇంకొకటి. వాన పడినప్పుడల్లా మురుగు పొంగి కాలువలో పడుతుంటే అడుగు ఎంత తవ్వినా మళ్లీ నిండుతుందని కేంద్ర సంస్థ తేల్చింది. అందుకని 80 లక్షల గ్యాలన్లది ఒకటి, 40 లక్షల గ్యాలన్లది ఒకటి, రెండు భూగర్భ తొట్లు కట్టి తీరాలని నగరాన్ని ఆదేశించింది. మన హుస్సేన్‌సాగర్‌కు 2006లోనే జపాన్ రుణం తెచ్చుకున్నాం, నాలాల ముఖద్వారాల దగ్గర పూడిక తీశాం. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ మీదుగా వచ్చే కూకట్‌పల్లి నాలా మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

మన దేశంలో న్యాయసూత్రాలకు కొరత లేదు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని 1996లో బిఛ్‌రీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి ఆ ఊరి బావులు హెచ్-యాసిడ్ తయారీ వ్యర్థాలతో పాడైపోయాయి. శుద్ధికి అయ్యే రూ.37 కోట్లకు పైగా సొమ్మును చక్రవడ్డీతో కట్టమని అదే కోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది 2011లో. మధ్యలో 15 ఏళ్లు పిటిషన్ల మీద పిటిషన్లు. భోపాల్‌లో విషవాయువు లీకైన కర్మాగారం నుంచి 2025 జనవరిలో 337 టన్నుల వ్యర్థాలను పీథంపూర్ తరలించి జూన్ ఆఖరుకు తగలబెట్టేశారు. నలభై ఏళ్ల కథకు ముగింపు అని వార్తలొచ్చాయి. అవి గోదాములో సంచుల్లో ఉన్నవి. కర్మాగారం చుట్టూ నేలలో, బస్తీల కింది నీటిలో ఉన్నదాని లెక్క ఆ 337లో లేదు.

2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. ఇన్నాళ్లకు ఒక దారి ఏర్పడింది, అందుకు సంతోషించాలి. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, మరో 90 రోజుల్లో వివరమైన సర్వే చేయించి కలుషితమో కాదో తేల్చాలి. బాధ్యులను గుర్తించాలి. వారు దొరక్కపోతే, కట్టలేకపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, శుద్ధి మొదలైనవి ఏడంటే ఏడు.

సియాటెల్ అనుభవంతో పోల్చి చూస్తే ఈ నిబంధనల్లో బలహీనమైన చోట్లు కనిపిస్తాయి. సర్వేకు 90 రోజుల గడువు పెట్టారు, శుద్ధి పూర్తి కావడానికి గడువు లేదు. భూగర్భజలం నడక తెలియాలంటే కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి చూడాలి, అది 90 రోజుల్లో ఎలా తెలుస్తుంది? తొందరలో తేలికపాటి సర్వే చేసి కలుషితం కాదు అని రాసేస్తే, ఆ కాగితం రేపు బిల్డర్ చేతిలో క్లీన్ చిట్ అవుతుంది. డబ్బు సంగతి ఇంకా సన్నగా ఉంది. వాషింగ్టన్‌లో పీపా పీపాకూ వచ్చిపడే పన్ను లాంటిది ఇక్కడ లేదు. మునిసిపల్ చెత్త డంపులు, గనుల వ్యర్థాలు, సముద్రంలో నూనె కాలుష్యం వేరే చట్టాల కిందికి వస్తాయని పక్కన పెట్టారు. మన పట్టణాల్లో పారిశ్రామిక వ్యర్థం, మునిసిపల్ చెత్త ఒకే కుంటలో ఒకే లారీ పారబోస్తే ఏ చట్టం వర్తిస్తుందో తేల్చడానికే ఒక 90 రోజులు పడుతుంది.

కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట కథ దీనికి ముందుమాట లాంటిది. 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో కాలుష్య నిర్వహణ ప్రాజెక్టు మొదలైనప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమూనాగా ఎంచుకున్న రెండు స్థలాల్లో ఇదొకటి. రెండోది కడప చెత్త డంపు. అంటే పాత పారిశ్రామిక వాడ పక్కన నీటి ఒడ్డును శాస్త్రీయంగా శోధించి శుద్ధి చేయాలన్న ఆలోచన మనకు కొత్త కాదు, దేశంలో ముందుగా అవకాశం వచ్చినవాళ్లలో మనమూ ఉన్నాం. పదిహేనేళ్లు గడిచాక కూడా ఆ కుంట పేరు వినిపించేది కాలుష్యం వార్తల్లోనే. విశాఖలో 1933లో తెరుచుకున్న లోపలి హార్బరు చుట్టూ 1957 నుంచి రిఫైనరీ, ఆ తరువాత ఎరువుల కర్మాగారం, జింకు స్మెల్టరు వరుసగా వచ్చాయి. మేహాద్రిగెడ్డ నీళ్లు కలిసేది ఆ హార్బరులోనే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో విశాఖనూ పటాన్‌చెరు–బొల్లారాన్నీ చేర్చింది. జింకు స్మెల్టరు మూతపడి పదేళ్లు దాటింది. ఆ అడుగు బురదలో ఏ పొరలో ఏముందో నగరవాసి చదవగలిగేలా ఒకచోట పెట్టిన నివేదిక ఉండాలి కదా.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపల, ఆ చుట్టుపక్కల 22 పారిశ్రామిక వాడల్లోని 9,292 ఎకరాలను బహుళ వినియోగానికి మార్చుకోవడానికి వీలిచ్చే విధానం ప్రకటించింది. పరిశ్రమలు నగరం బయటికి వెళ్లడం మంచిదే. దాని మీద ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ జరిగిన యుద్ధమంతా భూమి విలువెంత, ఎవరికి లాభమెంత అన్న దాని చుట్టూనే తిరిగింది. యజమాని కట్టవలసిన రుసుము రేటు స్థలం ముందున్న రోడ్డు వెడల్పును బట్టి నిర్ణయమవుతుంది. రోడ్డు వెడల్పు కొలవడానికి టేపు చాలు. మట్టి లోతు కొలవాలంటే బోరు వేయాలి. యాభై ఏళ్లు బల్క్ డ్రగ్స్, రంగులు, ఎలక్ట్రోప్లేటింగ్ నడిచిన స్థలంలో పునాది తవ్వే కూలీకి, ఆ తరువాత కింది అంతస్తులో పిల్లలతో కాపురం ఉండబోయే కుటుంబానికి ఆ బోరు ఫలితం రోడ్డు వెడల్పు కన్నా ముఖ్యం. ఆవిరయ్యే రసాయనాలున్న నేల మీద మూసి ఉన్న గదులు కడితే, ఆ ఆవిర్లు నేల పగుళ్లలోంచి గదిలోకే వస్తాయి. పార్కులో అయితే గాలికి పోతాయి, ఫ్లాట్‌లో పోవు.

భూవినియోగ మార్పిడి అనుమతికి ముందే స్థలం యజమాని ఖర్చుతో, మండలి ఎంపిక చేసిన సంస్థతో మట్టి, భూగర్భజల శోధన తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక జీవో చాలు. భూమి ధర ఆకాశంలో ఉన్న ఈ సమయంలోనే ఆ ఖర్చు యజమానికి భారం అనిపించదు. రుసుముగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని విడిగా శుద్ధి నిధిలో వేస్తే, కొనేవాళ్లు లేని నూర్ మహమ్మద్ కుంట లాంటి చోట్లకు అది పనికొస్తుంది. కొత్త నిబంధనల ప్రకారం హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి, విశాఖపట్నం జిల్లాల యంత్రాంగాలు అనుమానిత స్థలాల అర్ధ సంవత్సర జాబితాలు పంపాల్సి ఉంది. ఆ జాబితాలను సర్వే నంబర్లతో సహా జిల్లా వెబ్‌సైట్లలో తెలుగులో పెట్టాలి. ఫ్లాట్ బుక్ చేసుకునే మనిషి ఈసీతోపాటు దాన్నీ తీసి చూసుకుంటాడు.